‘చంటబ్బాయి’ని ఇన్నేళ్ళయినా జనం ఎందుకు వదలడం లేదు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీది భీమవరం, వయసు ఇరవై నాలుగు, థ్రిల్లర్లంటే ప్రాణం. టీవీలో ‘చంటబ్బాయి’ వస్తే మీ అమ్మగారు, మామయ్యగారు కుర్చీలోంచి కదలరు. మీరు రెండుసార్లు మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. ‘అప్పట్లో పెద్దగా ఆడలేదంటారు, మరి దీన్ని ఇంకా ఎందుకు చూస్తున్నారు? అసలు థ్రిల్లర్ అనొచ్చా? నాకు నచ్చాలంటే ఎలా చూడాలి?’ అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. థ్రిల్లర్ అనొచ్చు. కానీ జనం మళ్ళీ మళ్ళీ చూసేది ఆ చిక్కుముడి కోసం కాదు. చిక్కుముడి మొదటిసారి కూర్చోబెడుతుంది. రెండోసారి నుంచి కూర్చోబెట్టేది మనుషులు. ఈ సినిమాలో ప్రతి ఒక్కరికీ ఒకటే ఆరాటం, ‘నన్ను ఎవరైనా గుర్తించండి’ అని. డిటెక్టివ్‌కీ అదే, కవయిత్రికీ అదే, కేసు పట్టుకొచ్చిన వాళ్ళకీ అదే. నవ్వు, సస్పెన్సు, కంటతడి మూడూ ఆ ఒక్క చోటి నుంచే పుడతాయి. అందుకే ఏదీ అతికించినట్టు అనిపించదు. నా లెక్కలో ఇది పాడవకపోవడానికి మూలకారణం అదే.

ఈ మాట అనడానికి నాకేం అర్హత ఉందంటారా, డెల్టాలోనే ఒక టౌన్‌లో సినిమా హాలు క్యాబిన్‌లో ఆపరేటర్‌గా చాలా ఏళ్ళు పనిచేశాను. తర్వాత వీడియో క్యాసెట్ల షాపు, ఆ తర్వాత కేబుల్. మూడు చోట్లా ఈ బొమ్మ వేశాను. జనం ఎక్కడ నవ్వారో, ఎక్కడ లేచి బయటికి వెళ్ళారో, ఏ ముక్క మళ్ళీ వేయమన్నారో చూస్తూ బతికినవాణ్ణి. ఇక్కడ రాసేదంతా అలా చూసి తెలుసుకున్నదే.

చూడనివాళ్ళ కోసం కొంచెం వివరం. 1986లో వచ్చింది. దర్శకుడు జంధ్యాల. మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి అదే పేరున్న నవల ఆధారం. సంగీతం చక్రవర్తి, పాటలు వేటూరి. చిరంజీవి పాండురంగారావు అనే ప్రైవేట్ డిటెక్టివ్, తన్ను తాను ‘జేమ్స్ పాండ్’ అని చెప్పుకుంటాడు. సుహాసిని జ్వాల. ముందు జ్వాల ఒక హత్య కేసులో ఇరుక్కుంటుంది, ఆ ముడి విప్పుతాడు. తర్వాత ఒక డాక్టరమ్మ వచ్చి, ఎప్పుడో చిన్నప్పుడు దూరమైపోయిన తన అన్నను వెతికిపెట్టమంటుంది. ఇంతకుమించి కథ చెప్పను. మీరు పూర్తిగా చూడలేదన్నారు కాబట్టి అసలు చెప్పను.

మన వైపు వాళ్ళకి ఇంకో సంగతి కూడా. జంధ్యాల పుట్టింది నరసాపురంలో. చిరంజీవి పుట్టింది మొగల్తూరులో, డిగ్రీ చదివింది నరసాపురం వై.ఎన్. కాలేజీలో. ఒకే కాలవల నీళ్ళు తాగిన ఇద్దరు కలిసి తీసిన బొమ్మ ఇది. అది చెప్పుకుని మనవాళ్ళు గర్వపడతారు, పడాలి కూడా. అయితే ఊరి అభిమానం ఒక సినిమాని ఒక వారం నడిపిస్తుందేమో గానీ ఇన్నేళ్ళు నడిపించదు.

అప్పట్లో ఎందుకు మోగలేదు?

ఇది అర్థమైతే మిగతాది సులువుగా అర్థమవుతుంది.

మొదటి కారణం, హీరో. ‘ఖైదీ’ 1983లో వచ్చాక చిరంజీవి బొమ్మ అంటే మా హాలు దగ్గర లెక్కే మారిపోయింది. ఆ 1986లోనే ‘కొండవీటి రాజా’, ‘వేట’ వచ్చాయి, ఈ సినిమా తర్వాత కొద్ది రోజులకే ‘రాక్షసుడు’ వచ్చింది. బెంచీ తరగతి కుర్రాళ్ళు కాగితం ముక్కలు జేబుల నిండా కుక్కుకుని వచ్చేవారు, హీరో తెరమీదికి రాగానే ఎగరెయ్యడానికి. ఇక్కడ హీరో ఏం చేస్తాడు? బోల్తా పడతాడు. మాటలు పడతాడు. చార్లీ చాప్లిన్ వేషం కట్టి పాట పాడతాడు. కుర్రాళ్ళకి కాగితాలు ఎప్పుడు ఎగరెయ్యాలో తెలియలేదు. మొదటిరోజు ఫస్ట్ షోలో నాకు బాగా గుర్తుంది, బాల్కనీ, కుర్చీ తరగతులు పగలబడి నవ్వుతున్నాయి, ముందు బెంచీలు మాత్రం ‘ఫైటు ఎప్పుడు?’ అన్నట్టు చూస్తున్నాయి. బొమ్మ బాగోక కాదు. వాళ్ళు టికెట్టు కొన్నది వేరే బొమ్మకి.

రెండో కారణం మన డెల్టాకి మాత్రమే చెందింది, బయట ఎవరూ చెప్పరు. ఆ ఏడాది ఆగస్టు అంటే మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, సినిమా పేరు చెప్పరు, గోదారి పేరు చెబుతారు. ఆగస్టు నడిమికి వచ్చిన వరద ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ ఆనకట్ట చరిత్రలో అంత నీరు అంతకుముందు లేదు, తర్వాత రాలేదు. గట్లు తెగాయి, లంకలు మునిగాయి, జనం ఏటిగట్ల మీదా బడుల్లోనూ తలదాచుకున్నారు. అప్పుడే వేసిన సార్వా నాట్లు కుళ్ళిపోయాయి. ఈ సినిమా విడుదలైంది ఆ ఆగస్టులోనే. ఫిలిం రీళ్ళ బాక్సులు విజయవాడ నుంచి బస్సు మీద రావాలి, రోడ్లు లేవు. వచ్చాక కూడా చేతిలో డబ్బులుండి, మనసులో కులాసా ఉండి హాలుకి వచ్చే జనం ఎక్కడ? మళ్ళీ విత్తనాలు కొనాలి, గోడలు ఎత్తుకోవాలి. మా ప్రాంతంలో ఈ బొమ్మ సరిగ్గా జనం ముందుకు రాకుండానే దిగిపోయింది. ‘ఆడలేదు’ అని మనవాళ్ళు అనేటప్పుడు ఆ మాట వెనక ఉన్న నీటిని కూడా లెక్క వేసుకోవాలి.

మూడోది జంధ్యాల పద్ధతి. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఇది నేను క్యాబిన్‌లోంచి చెవులారా విన్నది.

క్యాబిన్‌లో మాకు ఒక చిన్న మానిటర్ స్పీకర్ ఉండేది, సౌండ్ సరిగ్గా పోతోందో లేదో చూసుకోవడానికి. ఎదురుగా గోడకి చిన్న కిటికీ, అందులోంచి హాల్లో జనం గోల వినిపిస్తుంది. అంటే బొమ్మ మాటలు ఒక చెవిలో, జనం నవ్వులు ఇంకో చెవిలో. మామూలు కామెడీలో ఒక జోకు వేసి నవ్వుకి చోటు వదులుతారు. జంధ్యాల అలా వదిలేవాడు కాదు. మొదటి మాటకి హాలు గొల్లుమంటుంది, ఆ నవ్వులో రెండో మాట మునిగిపోతుంది, మూడోది సగం వినిపిస్తుంది. అన్నీ విన్నది నేనొక్కణ్ణే, స్పీకర్ పక్కనే ఉన్నాను కాబట్టి. ప్రొజెక్టర్‌కి వెలుగునిచ్చే కార్బన్లు సరిచూసుకుంటూ ఒక్కణ్ణీ నవ్వుకునేవాణ్ణి, కింద హాల్లో వాళ్ళకి ఆ మాట చేరనే లేదు.

హాల్లో చూసినవాళ్ళు ఈ సినిమాని పూర్తిగా వినలేదు. విన్నది తర్వాత, ఇంట్లో, క్యాసెట్ మీద.

క్యాసెట్ల షాపులో తెలిసిన సంగతి

వీడియో షాపు పెట్టాక ఈ క్యాసెట్ అద్దెకి వెళ్ళిన తీరు చూసి నేనే ఆశ్చర్యపోయాను. పెద్ద హిట్ సినిమాలు విడుదలైన కొత్తలో విపరీతంగా పోయి, తర్వాత బీరువాలో దుమ్ము పట్టేవి. ఇది అలా కాదు. ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంట్లో ఉండేది. సంక్రాంతికి కొత్త అల్లుళ్ళు వచ్చినప్పుడు, బారసాలకి చుట్టాలు దిగినప్పుడు, దాళ్వా కోతలయ్యి కాస్త తీరిక దొరికినప్పుడు. ‘ఆయ్, ఆ కవయిత్రి అమ్మగారి బొమ్మ ఉందాండీ?’ అని అడిగేవారు. సినిమా పేరు గుర్తులేనివాళ్ళకి కూడా ఆవిడ గుర్తు.

తిరిగొచ్చిన క్యాసెట్‌ని నేను ఒకసారి వేసి చూసుకునేవాణ్ణి, టేపు నలిగిందేమోనని. మిగతా క్యాసెట్లలో పాటల దగ్గరో ఫైట్ల దగ్గరో గీతలు పడేవి, జనం వెనక్కి తిప్పి చూసేది అక్కడే కాబట్టి. దీంట్లో గీతలు పడింది శ్రీలక్ష్మి గారు పొట్టి ప్రసాద్ గారి ఆఫీసులోకి వచ్చే చోట. ఆపడం, వెనక్కి తిప్పడం, మళ్ళీ వేయడం. చివరికి అక్కడ బొమ్మ వణికేది, మాట మాత్రం వినిపించేది. కొత్త కాపీ తెప్పిస్తే అదీ కొన్నాళ్ళకి అక్కడే గీతలు పడేది.

ఆ సీన్లు తెలియనివాళ్ళకి: ఆవిడ తన్ను తాను కవయిత్రినని నమ్మింది. ఆయన పత్రిక సంపాదకుడు. ఆవిడ వచ్చి కవిత్వం వినిపిస్తుంది, ఆయన పారిపోలేడు. ఇంకోసారి ‘అరటికాయ లంబా లంబా’ అని ఒక వంటకం పట్టుకొస్తుంది. ఇంతే. కథకి దీనితో పని లేదని చాలామంది అంటారు.

ఆ మాట నేను ఒప్పుకోను. ఈసారి చూసేటప్పుడు ఆవిణ్ణి వదిలేసి పొట్టి ప్రసాద్ మొహం చూడండి. నవ్వు పుడుతున్నది వినేవాడి మొహంలో. ఆవిడ గొంతులో మాత్రం వెటకారం చుక్క లేదు. శ్రీలక్ష్మి గారు ఆ పాత్రని ‘నేను నవ్విస్తున్నాను’ అన్న ఎరుక ఎక్కడా బయటపడకుండా చేశారు. ఆ మనిషికి కవిత్వం ప్రాణం. తనని కవి కాదన్నవాణ్ణి పొడిచేస్తాననేంత ప్రాణం. నిజంగా నమ్మిన మనిషిని చూస్తే నవ్వుతో పాటు జాలి కూడా వస్తుంది. ఆ జాలి వల్లే మళ్ళీ చూస్తాం.

అప్పటి జనానికి ఆవిడ ఎందుకంత దగ్గరైందో మీ తరానికి చెప్పాలి. అవి వారపత్రికల రోజులు. మా టౌన్‌లో వీధికో అద్దె పుస్తకాల షాపు. సీరియల్ కోసం పత్రిక వచ్చే రోజున బడ్డీకొట్టు దగ్గర నిలబడేవారు. మల్లాది గారి నవల చదివి వచ్చి, సినిమాలో ఏం మార్చారో నాతో వాదించిన ఆడవాళ్ళున్నారు. ఇళ్ళల్లో కథలు రాసి, తిరుగు స్టాంపులు పెట్టి పంపి, పోస్ట్‌మేన్ కోసం ఎదురుచూసినవాళ్ళు ఎంతోమంది. ఆ కవరు తిరిగొస్తే దాన్ని మడిచి బీరువాలో చీరల కింద దాచుకునేవారు. వాళ్ళంతా ఆ సీన్ చూసి నవ్వింది పక్కవాళ్ళని చూసి కాదు. ఇవాళ ఒక వీడియో పెట్టి ఎంతమంది చూశారో అని నిమిషానికోసారి ఫోన్ తెరిచే కుర్రాళ్ళకి కూడా ఆవిడ అర్థమవుతుందనే నా నమ్మకం.

ఇప్పుడు పాండురంగారావు దగ్గరికి వద్దాం

కవయిత్రికి కవి అనిపించుకోవాలని ఆరాటమైతే, ఇతనికి డిటెక్టివ్ అనిపించుకోవాలని. ‘జేమ్స్ పాండ్’ అని పేరు తగిలించుకోవడం చూసి అదొక వేళాకోళం అనుకుంటాం. పేరు పెద్దది, చేతిలో పని చిన్నది, గౌరవం అసలు లేదు. కానీ కేసు దగ్గరికి వచ్చేసరికి అతను ఆడుకోడు. కామెడీ థ్రిల్లర్లు చాలావరకు ఇక్కడే దెబ్బతింటాయి. హీరో హత్యని కూడా జోకులాగా చూస్తే, చూసేవాడికి టెన్షన్ ఎందుకుంటుంది? జంధ్యాల దగ్గర మనిషి నవ్వులాటగా ఉంటాడు, అతని పని నవ్వులాట కాదు. జ్వాల ప్రమాదంలో ఉంటే అతనికి నిజంగా భయం. ఆ భయం మనకీ అంటుకుంటుంది.

చిరంజీవి గారి విషయంలో ఒక మాట. పెద్ద హీరో కామెడీ చేస్తే సాధారణంగా ‘చూడండి, నేను కామెడీ కూడా చేయగలను’ అని కంటికొసల్లో కనిపిస్తూ ఉంటుంది. ఇందులో ఆయన అలా కనిపించడు. నిజంగా తడబడతాడు. ఆ రోజుల్లో అంత మాస్ ఇమేజ్ ఉన్న నటుడు తన్ను తాను అంతగా వదులుకోవడం సాహసం. జనం అప్పుడు దానికి లెక్క కట్టలేదు. ఇప్పుడు ఆ ఇమేజ్ గోల లేకుండా చూస్తున్నాం కాబట్టి ఆ నటన కనిపిస్తోంది.

రెండో కేసు, అంటే తప్పిపోయిన అన్న కోసం వెతుకులాట, సినిమాకి వెన్నెముక. సినిమా అక్కడికి వచ్చాక నవ్వు తగ్గదు గానీ దాని అడుగున ఏదో బరువు చేరుతుంది. ఒక కుటుంబం ఒక మనిషి కోసం ఎదురుచూస్తోంది. ఎక్కడో ఉన్న ఆ మనిషికి తన కోసం ఎదురుచూసేవాళ్ళున్నారని తెలియదు. మొదట చెప్పాను చూడండి, ‘నన్ను గుర్తించండి’ అన్న ఆరాటం, అది ఇక్కడ చివరికంటా వెళ్తుంది. అప్పటిదాకా నవ్వించిన విషయమే ఇక్కడ గొంతు పట్టేస్తుంది. జగ్గయ్య గారి గొంతు ఆ భాగానికి ఎంత నిండుతనం ఇచ్చిందో చెప్పలేను. క్యాసెట్ అద్దెకి తీసుకునేవాళ్ళలో ఒక స్కూలు మాస్టారు ఉండేవారు, వరసగా ఇదే పట్టుకెళ్ళేవారు. ‘మాస్టారూ, కవయిత్రి కోసమేనాండీ?’ అని ఒకసారి అడిగాను. ‘కాదురా, ఆఖరి అరగంట కోసం’ అన్నారు. నవ్వడానికి తీసుకెళ్ళేవాళ్ళు ఉన్నట్టే, ఏడవడానికి తీసుకెళ్ళేవాళ్ళూ ఉన్నారని నాకు అప్పుడు తెలిసింది.

ముగింపు తెలిసిపోతే థ్రిల్లర్ చచ్చిపోతుందని మీ తరం భయం. స్పాయిలర్ అంటారు కదా. ఈ సినిమా విషయంలో ముగింపు తెలిశాక మళ్ళీ మొదటి నుంచి చూస్తే, నవ్వి వదిలేసిన చిన్న చిన్న మాటలు వేరేగా వినిపిస్తాయి. మొదటిసారి చూసేటప్పుడు ‘ఎవరు?’ అన్న ప్రశ్న మీద చూపు ఉంటుంది. రెండోసారి చూసేటప్పుడు ‘అయ్యో, ఇతనికి ఇంకా తెలియదు కదా’ అన్న చోట ఉంటుంది. తెలిసి చూడటంలో ఉండే టెన్షన్ వేరు. మీ అమ్మగారూ మామయ్యగారూ కదలకుండా చూస్తున్నది అదే అనుకుంటున్నాను.

గోదావరి వెటకారం అనకండి

ఈ మధ్య నెట్‌లో ఈ సినిమా గురించి ఎవరు రాసినా ‘గోదారోళ్ళ వెటకారం’ అనేస్తున్నారు. మన వెటకారం నాకు తెలియనిది కాదు, కాఫీ హోటల్లో పొద్దున్నే మొదలైతే రాత్రి సెకండ్ షో వదిలేదాకా నడుస్తుంది. వెటకారంలో ఎదుటివాడు తగ్గాలి. జంధ్యాల సినిమాలో ఎవరూ తగ్గరు. సంపాదకుడూ మంచివాడే, కవయిత్రీ మంచిదే, ఇద్దరి కష్టమూ నిజమే. ఆయన రాసిన మిగతా సినిమాలు చూసినా ఇదే కనిపిస్తుంది. 1984లో వచ్చిన ‘శ్రీవారికి ప్రేమలేఖ’లో ఇదే శ్రీలక్ష్మి గారు సినిమా కథ చెప్పమంటే టైటిల్స్ దగ్గర నుంచి చెబుతుంది. ఆవిడకి సినిమా అంటే అంత పిచ్చి, అంతే. ‘శంకరాభరణం’కి మాటలు రాసిన చేయి అది. మనిషి మీద గౌరవం లేకుండా ఆ చేయి ఏదీ రాయలేదు. ఇంటిల్లిపాదీ కూర్చుని, ఎవరూ ఎవరి మొహం తప్పించుకోకుండా చూడగలగడానికి కారణం ఆ గౌరవమే. కేబుల్ నడిపినప్పుడు పండగ మధ్యాహ్నాలకి ఫోన్ చేసి ఈ బొమ్మ వేయమన్నది ఎక్కువగా ఆడవాళ్ళే. ‘మా అత్తగారూ పిల్లలూ అందరూ ఉన్నారు, అదైతే బాగుంటుంది’ అనేవారు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి

మీరు రెండుసార్లు ఆపేశారంటే తప్పంతా మీది కాదు. సినిమా నింపాదిగా నడుస్తుంది. ఇప్పటి థ్రిల్లర్‌లో మొదటి పది నిమిషాల్లో శవం కనపడాలి, ఇక్కడ అలా కాదు. స్టార్ కోసం పెట్టిన ఫైట్లు ఉన్నాయి, అవి వేరే సినిమాలోంచి వచ్చినట్టే ఉంటాయి. పాటలు కొన్ని కథని ఆపేస్తాయి. పాండు జ్వాల వెంటపడే సన్నివేశాలు కొన్ని ఈ రోజు చూస్తే ఇబ్బంది పెడతాయి, ఆ ఇబ్బంది న్యాయమైనదే, అప్పట్లో మేం దాన్ని పట్టించుకోలేదు. ఆధారాలు ఒకదాని వెంట ఒకటి పేర్చి, ప్రేక్షకుణ్ణి కూడా లెక్క కట్టనిచ్చే పజిల్ కావాలంటే ఈ సినిమా మీకు సగమే ఇస్తుంది. అలాంటిది కావాలంటే 2019లో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ నయం. అందులోనూ నెల్లూరులో గౌరవం కోసం పాకులాడే డిటెక్టివే ఉన్నాడు, కేసు మాత్రం బిగువుగా ఉంటుంది. రెండూ చూసి పోల్చుకోండి, మీకే సరదాగా ఉంటుంది.

ఎలా చూడాలి

ముందుగా, క్లిప్పులు చూసి సినిమా చూశాననుకోకండి. కవయిత్రి సీన్లు ఒక్కటే కోసి పెట్టిన వీడియోలు లక్షల మంది చూస్తున్నారు. సంతోషమే. కానీ విడిగా చూస్తే అవి జోకులు, సినిమాలో చూస్తే అవి ఒక పెద్ద విషయానికి మొదటి మెట్టు. పోపు ఒక్కటే నోట్లో వేసుకుని పప్పు రుచి చెప్పలేం కదా.

ఫోన్ పక్కన పెట్టండి. నీతులు చెప్పడానికి అనడం లేదు, ఇది చెవితో చూసే సినిమా. మాట మిస్సయితే బొమ్మ చూసి పట్టుకోలేరు. పాత ప్రింట్లలో సౌండ్ గరగరలాడుతుంది, మాటలు నలిగిపోతాయి. ఒకటికి రెండు అప్‌లోడ్లు కదిపి చూసి, మాట శుభ్రంగా ఉన్నది ఎంచుకోండి. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా పర్వాలేదు. వీలైతే ఇయర్‌ఫోన్స్ వద్దు, టీవీలో పెట్టి నలుగురితో చూడండి. పక్కవాళ్ళు నవ్వితే మీరు కోల్పోయిన మాట ఏమిటో అడగొచ్చు, వెనక్కి తిప్పొచ్చు. హాల్లో మా ప్రేక్షకులకి ఆ వీలు లేదు.

రెండో కేసు మొదలయ్యేదాకా ఓపిక పట్టండి. మీరు ఆపేసింది అంతకుముందే అయ్యుంటుంది. డాక్టరమ్మ వచ్చి అన్నని వెతకమన్నాక కూడా మీకు ఆసక్తి కలగకపోతే అప్పుడు ఆపేయండి, నేనేం అనను.

అమ్మగారితో కూర్చుని చూస్తే మాత్రం ముందే ఒక మాట తీసుకోండి, ముగింపు చెప్పకూడదని. పెద్దవాళ్ళు ఆగలేరు. మా షాపులో క్యాసెట్ తీసుకునేటప్పుడే వెనక నిలబడ్డ ఇంకో కస్టమరు మొత్తం కథ చెప్పేసిన సందర్భాలున్నాయి, గొడవలు కూడా అయ్యాయి.

ఇది నచ్చితే తర్వాత ఏం చూడాలని అడుగుతారు కాబట్టి అదీ చెప్పేస్తాను. మన పసలపూడి వంశీ తీసిన ‘చెట్టు కింద ప్లీడర్’, 1989. రాజేంద్ర ప్రసాద్, ఊర్వశి, ఇళయరాజా సంగీతం. మలయాళం ‘తంత్రం’కి రీమేక్. కేసుల్లేని ప్లీడరుకి ఒక కేసు వస్తుంది, అక్కణ్ణించి నవ్వూ ప్రమాదమూ కలిసి నడుస్తాయి. దాని పాటలు అందరికీ తెలుసు, సినిమా మాత్రం చాలామంది చూడలేదు, నా దృష్టిలో ‘చంటబ్బాయి’ కంటే కూడా దానికే ఎక్కువ అన్యాయం జరిగింది. తర్వాత 1991లో రామ్ గోపాల్ వర్మ తీసిన ‘క్షణ క్షణం’, శ్రీదేవి భయపడుతూనే నవ్వించడం కోసం. ఆ తర్వాత అదే దర్శకుడి ‘అనగనగా ఒక రోజు’, 1997. ఈ వరసలోనే చూడండి. నింపాదిగా నడిచే దాని నుంచి పరుగెత్తే దాని వైపు వెళ్తారు, మీకు అలవాటైన వేగం చివర్లో దొరుకుతుంది. ముందు ‘అనగనగా ఒక రోజు’ చూసి వెనక్కి వస్తే మాత్రం ‘చంటబ్బాయి’ మళ్ళీ మధ్యలో ఆపేస్తారు.